పిడుదుల పంచాంగం, పనుల పంచాంగం: బందీపూర్ అడవి అంచున కోతి జ్వరం

2012వ సంవత్సరం చివరి మాసాలలో కర్ణాటకలోని బందీపూర్ పులుల అభయారణ్యంలో కోతులు చనిపోయి పడి ఉండటాన్ని అటవీ సిబ్బంది గమనించారు. కేరళ సరిహద్దుకు చేరువలో ఉన్న మూలెహొళె ప్రాంతంలో ఆ కళేబరాలను వట్టి చేతులతో ఎత్తి దహనం చేసిన వారిలో కొందరు కొద్ది రోజులకే తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ జరిపిన పరీక్షలలో రోగుల నమూనాలలోను, చనిపోయిన కోతులలోను, ఆ అడవిలో సేకరించిన పిడుదులలోను ఒకే వైరస్ కనిపించింది. అది క్యాసనూరు అటవీ వ్యాధి వైరస్. కన్నడిగులు 'మంగన కాయిలె' అని పిలిచే కోతి జ్వరానికి ఇదే కారణం.

ఈ వైరస్ కొత్తది కాదు. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాకు చెందిన క్యాసనూరు అడవిలో కోతులు గుంపులుగా చనిపోవడం, పరిసర గ్రామాలలో అంతుచిక్కని జ్వరం ప్రబలడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ఆ ఏడాది 466 మంది జబ్బుపడ్డారు. కోతులు కూడా చనిపోతున్నందున ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని పచ్చజ్వరం మన దేశంలోకి ప్రవేశించిందేమోనని తొలుత అనుమానించారు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు వైరస్‌ను వేరు చేసి చూడగా అది దోమ ద్వారా కాక పిడుదు ద్వారా వ్యాపించేదని, రష్యాలోని మెదడువాపు జ్వరపు వైరస్‌కు దగ్గరి చుట్టమని తేలింది. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు ఈ వ్యాధి శివమొగ్గ, చిక్కమగళూరు, ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాల పరిధిలోనే ఎక్కువగా కనిపించింది. బందీపూర్‌లో అది బయటపడటంతో ఆ సరిహద్దు చెరిగిపోయింది.

వైద్యులు, పశువైద్యులు, వన్యప్రాణి నిపుణులు ఈ వ్యాధిని గురించి విస్తారంగా రాశారు. వ్యవసాయ శాస్త్ర విద్యార్థులు దీనిని ఎందుకు చదవాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. పిడుదుకు ఒక పంచాంగం ఉన్నది. అడవి అంచున బతికే మనిషి పనులకూ ఒక పంచాంగం ఉన్నది. ఆ రెండూ కలిసే నెలలలోనే కోతి జ్వరం మనుషులకు సోకుతున్నది. మొదటిది కీటక శాస్త్రజ్ఞుల పుస్తకాలలో దొరుకుతుంది. రెండవది మన శాస్త్రానికి చెందినది.

పిడుదు జీవితంలో మూడు భోజనాలు

మన పశువుల పాకలలో సాధారణంగా కనిపించే గోమారి, అనగా రైపిసెఫాలస్ మైక్రోప్లస్, ఒకే పశువు ఒంటిపై లార్వాగా ఎక్కి ప్రౌఢ దశ వరకు అక్కడే పెరుగుతుంది. దానిని ఏకాతిథేయ పిడుదు అంటారు. కోతి జ్వరానికి ప్రధాన వాహకమైన హీమాఫైసాలిస్ స్పినిజెరా తీరు వేరు. అది త్రయాతిథేయి. లార్వా, నింఫ్, ప్రౌఢ దశలలో ఒక్కొక్క దశకు ఒక్కొక్క జంతువును పట్టుకొని, రక్తం తాగి, నేలపైకి రాలిపోయి, ఆకు చెత్తలో తరువాతి దశకు మారుతుంది. తన జీవితంలో ఎక్కువ భాగాన్ని అది జంతువుపై కాక నేలపైనే గడుపుతుంది. అందువల్ల దాని మనుగడను నిర్ణయించేది నేల తేమ, ఆకు చెత్త మందం, పొదల నీడ.

లార్వా, నింఫ్ దశలు ఎలుకలు, చుంచులు, ఉడుతలు, అడవికోళ్ళ వంటి నేలపై తిరిగే పక్షులు, కోతులు, కొండముచ్చులపై బతుకుతాయి. ప్రౌఢ పిడుదులు అడవిదున్న, కణుజు, దుప్పి వంటి పెద్ద జంతువులను, మేతకు వచ్చిన పశువులను ఆశ్రయిస్తాయి. మనిషి ఏ దశకూ సహజమైన ఆహారం కాడు. దారిన పోతూ తగిలినవాడు మాత్రమే.

ఋతువులను బట్టి పిడుదులు

అడవిలో పిడుదులను లెక్కించే పద్ధతి చాలా సులభమైనది. తెల్లని ఫ్లానెల్ గుడ్డను గడ్డి మీద, ఆకు చెత్త మీద ఈడ్చుకుంటూ నిర్ణీత కాలం నడుస్తారు. జంతువు కోసం కాచుకొని ఉన్న పిడుదులు గుడ్డను పట్టుకుంటాయి. వాటిని ఏరి, దశల వారీగా వేరు చేసి లెక్కిస్తారు. ఈ లెక్క అడవిలో ఉన్న మొత్తం పిడుదుల సంఖ్యను తెలుపదు. ఆ రోజున ఆకలితో, పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నవాటి సంఖ్యనే తెలుపుతుంది. ప్రమాదాన్ని అంచనా వేయడానికి మనకు కావలసినది కూడా అదే.

పశ్చిమ కనుమల అడవులలో దశాబ్దాలుగా జరిగిన ఇటువంటి సేకరణలన్నీ దాదాపు ఒకే క్రమాన్ని చూపాయి. నైరుతి ఋతుపవనాలు ప్రవేశించిన తరువాత ప్రౌఢ పిడుదులు చురుకుగా మారి జూలై, ఆగస్టు నెలలలో అత్యధికంగా కనిపిస్తాయి. పశువుల మీద, అడవి జంతువుల మీద కడుపారా రక్తం తాగిన ఆడ పిడుదు నేలకు రాలి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. వానలు తగ్గుముఖం పట్టిన తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకు లార్వాలు గుంపులుగా గడ్డి కొసలపైకి ఎక్కుతాయి. అవి చిన్న జంతువులపై రక్తం తాగి రాలి, నింఫ్‌లుగా మారుతాయి. డిసెంబరు చివరి నుండి మే వరకు నింఫ్‌ల కాలం. తొలకరి జల్లులతో వాటి సంఖ్య పడిపోతుంది. మన నెలలలో చెప్పుకుంటే ఆషాఢ శ్రావణాలు ప్రౌఢ పిడుదులవి, ఆశ్వయుజం నుండి మార్గశిరం వరకు లార్వాలవి, పుష్యం నుండి వైశాఖం వరకు నింఫ్‌లవి.

మనుషులలో జ్వరాలు నమోదయ్యే కాలం డిసెంబరు నుండి మే వరకు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో తీవ్రత ఎక్కువ. వానాకాలంలో పిడుదులు కంటికి బాగా కనబడతాయి కనుక అప్పుడే ప్రమాదమని సామాన్యులు అనుకుంటారు. వాస్తవం దీనికి విరుద్ధం. అడవి ఎండి, నేల గలగలలాడుతూ, పిడుదు కంటికి ఆనని కాలమే ప్రమాదకాలం.

నింఫ్ ఎందుకు ప్రమాదకరం?

దీనికి కారణం పిడుదు భోజనాల క్రమంలో ఉన్నది. ఈ జాతిలో గుడ్డు నుండి వెలువడిన లార్వా సాధారణంగా వైరస్‌ను మోసుకురాదు. అది కుట్టినా దురద తప్ప వేరే హాని ఉండదు. ఆ లార్వా వైరస్ ఉన్న ఎలుకపైనో, కోతిపైనో రక్తం తాగితే వైరస్ దాని దేహంలో నిలిచి నింఫ్ దశకు సంక్రమిస్తుంది. నింఫ్ తన రెండవ భోజనంతో పాటు దానిని మరొక జంతువుకు ఎక్కిస్తుంది. ప్రౌఢ పిడుదు వైరస్‌ను మోయగలిగినా మనిషిని అరుదుగా పట్టుకుంటుంది. కాబట్టి వైరస్‌ను మోస్తూ మనిషిని కూడా కుట్టే దశ నింఫ్ ఒక్కటే. అది నువ్వుగింజ కన్నా చిన్నది. కుట్టినట్లు తెలియనే తెలియదు.

కోతి మరణం ఈ గొలుసులో మరొక ముఖ్యమైన లంకె. కొండముచ్చులు, కోతులు ఈ వైరస్‌కు తట్టుకోలేవు. జబ్బుపడిన కోతి రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది. దాని ఒంటిపై రక్తం తాగుతున్న లార్వాలు, నింఫ్‌లు వైరస్‌ను నింపుకుంటాయి. కోతి నేలకూలిన చోట అవి ఒక్కసారిగా రాలిపోతాయి. ఆ కొద్దిపాటి నేల వైరస్ నిండిన పిడుదుల మడిగా మారుతుంది. మూలెహొళెలో కళేబరాలను ఎత్తినవారు తమకు అప్పగించిన పనినే చేశారు. కళేబరాన్ని దహనం చేయడం సరైన చర్యే. చేతికి తొడుగు, కాలికి బూటు, ఒంటికి వికర్షక తైలం లేకపోవడమే లోపం.

మేతకు వచ్చిన పశువు

ప్రౌఢ పిడుదుకు భోజనం పెట్టేది పెద్ద జంతువు. పశువులలో ఈ వైరస్ చెప్పుకోదగినంతగా వృద్ధి చెందదు. పశువుకు జబ్బు రాదు, పశువు నుండి మనిషికి జ్వరం రాదు. అయినప్పటికీ వ్యాధి చరిత్రలో పశువుకు పెద్ద స్థానం ఉన్నది. వైరస్‌ను కాకపోయినా పిడుదును పెంచి పోషించేది అదే. 1960లలో పనిచేసిన జార్జ్ బోషెల్ ఈ సంగతిని వివరంగా చర్చించారు. వరి పొలాల కోసం, నివాసాల కోసం అడవి మధ్యలో చెట్లు నరికి చేసిన ఖాళీలలో లంటానా కంప దట్టంగా అల్లుకున్నది. ఆ కంప నీడలో తేమ నిలిచింది, ఎలుకలకు, పక్షులకు చాటు దొరికింది. ఆ దారినే పశువులు రోజూ మేతకు వెళ్ళి వచ్చాయి. పిడుదు మూడు భోజనాలకూ కావలసిన అతిథేయులు ఒకే చోట చేరడానికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు మరొకటి ఉండదు. 2020లో బెతన్ పర్స్ బృందం కర్ణాటకలో రూపొందించిన ప్రమాద పటాలు కూడా తేమగల సతతహరిత అడవి, తోటలు కలగలిసి ఉండి, నాటు పశువుల సాంద్రత ఎక్కువగా ఉన్న చోట్ల వ్యాధి అధికమని చూపాయి.

బందీపూర్ అంచున పశువుల కథలో ఒక విశేషం ఉన్నది. ఉద్యానానికి ఉత్తరాన ఉన్న గ్రామాలలో వేలాది నాటు పశువులు పాల కోసం కాక పేడ కోసం పెరిగాయి. ఎం. డి. మధుసూదన్ 2005లో ప్రచురించిన పరిశోధన దీని మూలాన్ని చూపింది. కేరళలోని వయనాడులో కాఫీ తోటలకు సేంద్రియ ఎరువు కావలసి వచ్చింది. గతంలో సొంత పొలానికి వాడుకునే పేడ అమ్మకపు సరుకయ్యింది. పేడ కోసం పశువులు పెరిగాయి, అవి మేత కోసం అభయారణ్యంలోకి వెళ్ళాయి. ఆ పరిశోధన పిడుదుల గురించినది కాదు. అయితే ఎక్కడో నిర్ణయమయ్యే కాఫీ ధర ఒక రక్షిత అరణ్యంలోని పశువుల సంఖ్యను మార్చగలదని తెలిసిన తరువాత, ఆ పశువుల మీద బతికే పిడుదును అడవికి మాత్రమే చెందిన విషయంగా చూడలేము.

పనుల పంచాంగం

ఇప్పుడు రెండవ పంచాంగాన్ని విప్పి చూద్దాం. బందీపూర్ వంటి ఆకురాలు అడవులలో వేసవి కార్చిచ్చులను అడ్డుకోవడానికి ఫైర్ లైన్లు శుభ్రం చేసేది శీతాకాలంలో. గిరిజన కూలీలు, తాత్కాలిక వాచర్లు పొదలు నరికి, ఎండుటాకు ఊడ్చి, కుప్పలు వేసి కాలుస్తారు. అది నింఫ్‌లు బయటికి వచ్చే కాలం. ఆ పనిలో మనిషి చేయి, కాలు ఆకు చెత్తలోనే ఉంటాయి.

మలెనాడులో వక్క రైతులకు 'సొప్పిన బెట్ట' అనే హక్కు ఉన్నది. వక్క తోటకు ఆకు ఎరువు తెచ్చుకోవడానికి బ్రిటిషు పాలనాకాలం నుండి సంక్రమించిన అడవి భూములవి. వానాకాలంలో పచ్చి రొట్టను, ఎండుకాలంలో రాలిన ఆకును అక్కడి నుండి తెస్తారు. ఎండుటాకును తట్టలకెత్తి నెత్తిన మోసి పశువుల పాకలో పరుస్తారు, పేడతో కలిపి తోటకు వేస్తారు. నేల సారాన్ని కాపాడే పద్ధతిగా దీనిని మనం పాఠాలలో మెచ్చుకుంటాము, మెచ్చుకోదగినదే. అయితే ఎండుటాకు సేకరణ జరిగే నెలలు, నింఫ్‌ల నెలలు ఒకటే. ఆకుతో పాటు పిడుదు తట్టకెక్కి ఇంటి వాకిలికి వస్తుంది. అడవి ముఖం చూడని ఇంటి స్త్రీలకు సైతం జ్వరం సోకడానికి ఇదొక మార్గం.

జీడిమామిడి సంగతి కూడా ఇటువంటిదే. 1980ల ఆరంభంలో దక్షిణ కన్నడలోని బెళ్తంగడి తాలూకాలో జీడితోట వేయడానికి అడవిని నరికినప్పుడు, ఆ పనికి వెళ్ళిన కూలీలలో వ్యాధి పెద్ద ఎత్తున చెలరేగింది. 2015లో గోవాలోని సత్తరి తాలూకాలోను, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాలోను వ్యాధి బయటపడినప్పుడు బాధితులలో జీడిపిక్కలు ఏరేవారు ఉన్నారు. జీడిపిక్క చెట్టున కోసేది కాదు. పండి నేల రాలినదానిని ఫిబ్రవరి నుండి మే వరకు వంగి ఆకుల మధ్య నుండి ఏరవలసినదే.

ఈ మూడు పనులూ వేర్వేరు ప్రాంతాలకు చెందినవి. మూడింటిలోను ఎండుకాలంలో నేలపై రాలిన ఆకును మనిషి చేతితో తాకుతాడు. ప్రమాదాన్ని నిర్ణయించేది అడవిలోని పిడుదుల సంఖ్య ఒక్కటే కాదు, ఆ నెలలో మనిషి అడవిలో చేసే పని కూడా.

పాటించలేని సలహా

జ్వరం సోకిన మూడు నుండి ఎనిమిది రోజులలో చలి, తలనొప్పి, భరించలేని కండరాల నొప్పులు, వాంతులు, నీరసం మొదలవుతాయి. కొందరికి రక్తస్రావం జరుగుతుంది. తగ్గినట్టే తగ్గి, ఒకటి రెండు వారాల తరువాత నరాల సంబంధమైన లక్షణాలతో మరల తిరగబెట్టడమూ ఉన్నది. నూటికి ముగ్గురు నుండి ఐదుగురి వరకు మరణిస్తున్నారు. ఈ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. ద్రవాలు ఎక్కించడం, రక్తస్రావాన్ని అదుపు చేయడం వంటి ఆధార చికిత్సయే శరణ్యం. మనిషి నుండి మనిషికి మాత్రం వ్యాపించదు.

1990 నుండి వాడుకలో ఉన్న టీకాకు పరిమితులు ఉన్నాయి. 2005 నుండి 2010 వరకు గల సమాచారంపై జరిగిన విశ్లేషణలో రెండు మోతాదులకు 62.4 శాతం, ఆపై బూస్టర్ కూడా తీసుకున్నవారిలో 82.9 శాతం రక్షణ కనిపించింది. ఏటేటా బూస్టరు తీసుకోవలసి రావడం, సూది పొడిచిన చోట నొప్పి వల్ల చాలామంది మధ్యలోనే మానివేశారు. దాని సామర్థ్యం తగ్గినట్లు తేలడంతో 2022లో ఆ టీకా వాడకం నిలిచిపోయింది. కొత్త టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలితో కలిసి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ కృషి చేస్తున్నది.

టీకా లేనప్పుడు మిగిలేది జాగ్రత్త. 'జనవరి నుండి మే వరకు అడవిలోకి వెళ్ళవద్దు' అన్న హెచ్చరిక గోడల మీద కనబడుతుంది. జీవనాధారమంతా ఆ ఐదు నెలల అడవి పనిలోనే ఉన్న మనిషికి ఆ సలహా పాటించదగినది కాదు. ఫైర్ లైను కోసేవాడు ఆ పనిని ఆషాఢంలో చేయలేడు. జీడిపిక్క కార్తీకంలో రాలదు. మార్చలేని పనికి రక్షణను, మార్చగల పనికి కాలాన్ని, పద్ధతిని సూచించడమే మనం చేయవలసినది.

చేయదగిన పనులు

మొదటిది, పశువులపై పిడుదుల నివారణకు సరైన కాలాన్ని ఎంచుకోవడం. సాధారణంగా పశువుపై పిడుదులు కనబడినప్పుడు మందు వాడతారు. కోతి జ్వరపు ప్రాంతాలలో నింఫ్‌ల సంఖ్యను తగ్గించాలంటే అంతకుముందరి వానాకాలంలోనే ప్రౌఢ పిడుదులు గుడ్లు పెట్టకుండా అడ్డుకోవాలి. అనగా జూన్ నుండి సెప్టెంబరు వరకు పశువైద్యుని సలహాతో మందు వాడాలి. ఒకే రకం మందును ఏళ్ళ తరబడి వాడితే పిడుదులు దానికి అలవాటు పడతాయి కనుక మందులను మార్చుతూ ఉండాలి. అడవిదున్న, దుప్పి కూడా ప్రౌఢ పిడుదులను పోషిస్తాయి కాబట్టి ఉద్యానం లోపల ఈ చర్య ఫలితం పరిమితమే. గ్రామ పొలిమేరలో, మేత దారుల వెంబడి మాత్రం ప్రయోజనం ఆశించవచ్చు.

రెండవది, ఆకు సేకరణ పద్ధతి. ఎండుటాకును చేతులతో కాక పొడవాటి పంగలకర్రతో కుప్ప చేయాలి. తెచ్చిన ఆకును ఇంటి వాకిట, పాకలో వెంటనే పరచకుండా దూరంగా ఎండలో పలుచగా ఆరబెట్టాలి. పిడుదు తడి ఆరితే బతకదు. వక్క వరుసల మధ్య పచ్చిరొట్ట, పప్పుజాతి పైరులను పెంచుకుంటే అడవి ఆకుపై ఆధారపడటం తగ్గుతుంది. ఇది వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చేపట్టదగిన పరిశోధన.

మూడవది, రోజూ నడిచే దారులకు ఇరువైపులా లంటానాను తొలగించడం. నీడ తొలగితే నేల ఆరుతుంది, పిడుదులకు, ఎలుకలకు చాటు తగ్గుతుంది. ఈ పనిని వానలు వెనుదిరిగిన వెంటనే, నింఫ్‌లు రాకముందే ముగించాలి.

నాలుగవది, పనివారి రక్షణ. నిండు చేతుల చొక్కా, మేజోళ్ళలోకి దోపిన ప్యాంటు, బూట్లు, గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల రూపొందించిన డీపా వంటి వికర్షక తైలం అవసరం. ఇవి కూలీ కొనుక్కోవలసినవి కావు, పని ఇచ్చేవారు కొడవలితో పాటు ఇవ్వవలసినవి. సాయంత్రం ఇంటికి చేరగానే బట్టలను వేడినీటిలో నానబెట్టి, సబ్బుతో స్నానం చేసి, ఒళ్ళంతా వెదుక్కోవాలి. పట్టిన పిడుదును చిమటాతో చర్మానికి ఆనుకొని పట్టి నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, బీడీతో కాల్చడం తగదు.

ఐదవది, కోతి మరణ వార్త. చనిపోయిన కోతి మనకు ముందుగా అందే హెచ్చరిక. దానిని తాకకుండా అదే రోజున అటవీ శాఖకు, ఆరోగ్య శాఖకు తెలియజేయాలి. శిక్షణ పొందిన సిబ్బంది తొడుగులు ధరించి కళేబరాన్ని తొలగించి, చుట్టూ నేలపై మలాథియాన్ చల్లవలసి ఉంటుంది. ఈ వార్త ఎంత ఆలస్యమైతే ఆ దారిన అన్ని అడుగులు పడతాయి.

మన ప్రాంతానికి అన్వయం

కోతి జ్వరం మనుషులలో చెలరేగిన ప్రాంతాలన్నీ పశ్చిమ కనుమల వెంబడి ఉన్నవే. తెలుగు నేలపై భయపడవలసిన అవసరం లేదు, ఆలోచించవలసిన అవసరం మాత్రం ఉన్నది. నల్లమలలో, గోదావరి మన్యంలో ఇప్పపువ్వు ఏరేది, తునికాకు కోసేది ఎండుకాలంలోనే. పశువులు అడవి మేతకు వెళ్ళేదీ అప్పుడే. మన పశువులలో థైలీరియా, బాబీసియా జ్వరాలకు పిడుదులే వాహకాలు. వాటి పంచాంగాన్ని ప్రతి మండలంలో గుర్తించి, పశుపోషణ పనులతో పోల్చి చూస్తే మందు ఎప్పుడు వాడాలో రైతుకు స్పష్టంగా చెప్పగలము. మన జిల్లాలలో కనబడే స్క్రబ్ టైఫస్‌ను కొందరు పిడుదు జ్వరమని పొరబడుతున్నారు. దానిని వ్యాపింపజేసేది పిడుదు కాదు, ఒక రకం నల్లి లార్వా. దాని కాలం వేరు, దాని పంచాంగాన్ని వేరుగా రాసుకోవాలి.

మా విద్యార్థులకు నేను ఒక చిన్న అభ్యాసం ఇస్తుంటాను. కాగితంపై పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు గీసి, పై వరుసలో పిడుదు దశలను, కింది వరుసలో గ్రామంలోని వారు అడవిలో చేసే పనులను నింపమంటాను. పై వరుస పుస్తకం చూసి నింపవచ్చు. కింది వరుస కోసం ఊరికి వెళ్ళి, ఆకు ఏరే స్త్రీని, పశువుల కాపరిని, వాచరును అడిగి తెలుసుకోవలసినదే. బందీపూర్‌లో 2012 నాటికి పై వరుస శాస్త్రానికి ఏనాడో తెలుసు. శీతాకాలంలో చనిపోయిన కోతిని ఎవరు ఎత్తుతారన్న కింది వరుసలోని గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ గడిని ముందుగా నింపి ఉంటే ఒక జత చేతి తొడుగులు అక్కడికి చేరి ఉండేవి.